కళ్ళు తిరుగుతున్నాయంటే ఏమని వెతకాలి? – వైద్యవిద్యార్థుల స్వయంశిక్షణ చరిత్ర

వైద్య, నర్సింగు కళాశాలల్లో పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు ఈమధ్య ఒక సందేహాన్ని పలు రీతుల్లో వ్యక్తం చేస్తున్నారు. పిల్లవాడు తరగతి నుంచి వచ్చాక కూడా అర్ధరాత్రి దాకా ఫోనులో పాఠాలు వింటున్నాడు. అంతా అక్కడే దొరికేటట్లయితే ఇక గురువు ఎందుకు? ఆ వెంటనే మరొక ప్రశ్న. ఆ పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నప్పుడు, పరాయి రాష్ట్రంలో ఉంటూ ఇన్నేళ్ళు మనం కష్టపడి నేర్పిన తెలుగు ఎందుకు? రెండవ ప్రశ్న మనబోటి తెలుగు ఉపాధ్యాయులకు సూటిగా తగిలేదే. మొదటిదానికి సరైన జవాబు తెలిస్తే రెండవదానికి జవాబు అందులోనే దొరుకుతుందని నా అభిప్రాయం. అందుకు కొంత చరిత్ర తిరగవేయాలి. అది అంతర్జాలంతో మొదలైన చరిత్ర కాదు.

1879లో అమెరికా సైనిక వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్, రాబర్ట్ ఫ్లెచర్‌తో కలిసి ‘ఇండెక్స్ మెడికస్’ అనే సూచికను వెలువరించటం ప్రారంభించాడు. లోకంలో అచ్చవుతున్న వైద్యవ్యాసాలను విషయాల వారీగా పేర్చిన జాబితా అది. అంతకుముందు ఒక రోగాన్ని గురించి ఇతరులు ఏమి రాశారో తెలుసుకోవాలంటే తనకు అందిన నాలుగు పత్రికలు తిరగవేయటం, పెద్దలను అడగటం మినహా వైద్యునికి మార్గం లేదు. సూచిక చేతికి వచ్చిన నాటినుంచి, ఓపిక ఉన్నవాడు గురువు చెప్పని విషయాన్ని కూడా తనంతట తాను వెతికి తెలుసుకోగలిగాడు. నేటి స్వయంశిక్షణకు తొలి బీజం అక్కడ ఉంది.

ఆ సూచికను యంత్రానికి అప్పగించే పని 1964లో ‘మెడ్లార్స్’ పేరుతో ఒక కొలిక్కి వచ్చింది. వాషింగ్టన్ దాపున బెథెస్డాలోని జాతీయ వైద్యగ్రంథాలయం దానిని నడిపింది. యంత్రమనగానే నేటి వేగాన్ని ఊహించుకోకండి. వైద్యుడు తన ప్రశ్నను కాగితంపై రాసి పంపాలి. శిక్షణ పొందిన గ్రంథాలయ నిపుణుడు దానిని యంత్రానికి తెలిసే మాటల్లోకి మార్చాలి. జవాబు చేరటానికి వారాలు పట్టేది. 1971 అక్టోబరులో ‘మెడ్‌లైన్’ మొదలయ్యాక టెలిఫోను తీగల మీదుగా అప్పటికప్పుడే వెతకటం సాధ్యమైంది. అయినా తొలినాళ్ళలో ఏకకాలంలో దానిని వాడగలిగినవారు 25 మంది మాత్రమే. వాడేవారు కూడా విద్యార్థులు కాదు, వారి తరఫున కూర్చునే గ్రంథాలయ నిపుణులు.

ఈ నిపుణుల సంగతి చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటవేస్తుంటారు. నాకు మాత్రం ఈ కథలో ముఖ్యపాత్ర వారిదే అనిపిస్తుంది. ఒక విద్యార్థి వచ్చి “గుండెజబ్బు గురించి కావాలి” అంటే వారు మీట నొక్కేవారు కాదు. నొక్కితే వేల పుటల కుప్ప వచ్చి పడుతుంది. “ఏ గుండెజబ్బు? పిల్లల్లోనా, పెద్దల్లోనా? కారణం కావాలా, చికిత్స కావాలా? ఏ చికిత్సతో ఏ చికిత్సను పోల్చాలి?” అని అడిగేవారు. ఆ బల్ల ఎదుట కూర్చున్న విద్యార్థి లేచేసరికి తన ప్రశ్న ఏమిటో తనకు తెలిసేది. ఏ నియామకపత్రంలోనూ రాయకపోయినా ఆ నిపుణుడు చేసింది అధ్యాపకత్వమే.

1986లో ‘గ్రేట్‌ఫుల్ మెడ్’ అనే సాధనంతో వైద్యులు తమ సొంత కంప్యూటరు నుంచి వెతకటం మొదలుపెట్టారు. 1996లో ప్రయోగాత్మకంగా మొదలైన ‘పబ్‌మెడ్’ను 1997 జూన్ 26న అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్ లాంఛనంగా ప్రారంభించి ప్రపంచమంతటికీ ఉచితం చేశాడు. బళ్ళారిలో కూర్చున్న విద్యార్థికీ బాస్టన్‌లో కూర్చున్న విద్యార్థికీ ఒకే తలుపు తెరచుకుంది. కాదనలేని మేలు ఇది. వ్యాసాల పేర్లు, సారాంశాలు అందరికీ అందినా, అసలు వ్యాసాలు చాలావరకు పత్రికల చందాల వెనుకనే ఉండిపోయాయన్నది వేరే కథ. ప్రస్తుతానికి మీరు గమనించవలసినది ఒక్కటే. తలుపు దగ్గర కాపలా తొలగినప్పుడు, “నీకు కావలసింది సరిగ్గా ఏమిటి?” అని అడిగే మనిషి కూడా తొలగిపోయాడు. 2004తో అచ్చు సూచిక ముద్రణ సైతం ఆగిపోయింది.

అంతకు చాలా ముందే, ఉత్తరాన కెనడాలో, ఇదే సమస్యను వేరొక వైపు నుంచి పట్టుకున్నవారున్నారు. ఆంటారియో రాష్ట్రంలోని హామిల్టన్ నగరంలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం కొత్త వైద్యకళాశాల పెట్టి 1969లో తొలి జట్టు విద్యార్థులను చేర్చుకుంది. వారు 20 మంది. వ్యవస్థాపక అధిపతి జాన్ ఎవాన్స్, ఆయన సహచరులు ఉపన్యాసాలు వరుసగా వినిపించే పద్ధతిని పక్కన పెట్టారు. ఒక చిన్న బృందం ముందు ఒక రోగి సమస్యను ఉంచేవారు. అందులో తమకు ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్నది విద్యార్థులే తేల్చుకోవాలి. తెలియనిదానిని వెతికి తెచ్చి మళ్ళీ కూర్చోవాలి. సమస్యాధారిత అభ్యసనం అని మనం చెప్పుకుంటున్నది ఇదే. తరువాత వచ్చి చేరిన హోవర్డ్ బారోస్ దానిని శాస్త్రబద్ధం చేసి లోకానికి పరిచయం చేశాడు. 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్, 1978లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ ఆ దారి పట్టాయి. 1975లో మాల్కం నోల్స్ రాసిన గ్రంథంతో ‘స్వయంనిర్దేశిత అభ్యసనం’ అన్న మాట విద్యాశాస్త్రంలో స్థిరపడింది.

ఆ పద్ధతిలో గురువు లేడని అనుకోరాదు. ప్రతి బృందంలోనూ ఒక మార్గదర్శి ఉండేవాడు. అతడు జవాబు చెప్పడు. “ఆ మాట ఎలా అన్నావు? దానికి ఆధారం ఏమిటి? అది నిజమైతే ఇంకేమి కనిపించాలి?” అని అడుగుతాడు. చూశారా, గ్రంథాలయపు బల్ల వెనుక మనిషి చేసిన పనే ఇది! ఈ పద్ధతి అంతటినీ ఆకాశానికి ఎత్తవలసిన అవసరం లేదు. 1993లో వెలువడిన రెండు ప్రసిద్ధ సమీక్షలు దీని లాభనష్టాలను తూకం వేశాయి. ఇలా చదివినవారు చదువును ఎక్కువ ఇష్టపడ్డారు, రోగుల వద్ద కొంత మెరుగ్గా ఉన్నారు. మౌలికశాస్త్రాల పరీక్షల్లో మాత్రం కొంత వెనుకబడ్డారు. తానే వెతుక్కునేవాడికి పునాదిలో ఖాళీలు మిగిలిపోయే ప్రమాదం ఉంటుందని దీని అర్థం. రాత్రి వేళ ఫోను పట్టుకున్న మన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

1992లో అదే మెక్‌మాస్టర్ నుంచి గార్డన్ గయాట్ ముందుండి నడిపిన బృందం ‘ఆధారసహిత వైద్యం’ అనే భావనను ఒక ప్రముఖ వైద్యపత్రికలో ప్రకటించింది. ఈ విధానంలో తొలిమెట్టు వెతకటం కాదు. ఎదురుగా ఉన్న రోగి ఇబ్బందిని జవాబు చెప్పదగిన ప్రశ్నగా మార్చటం తొలిమెట్టు, వెతకటం రెండవది. పాతికేళ్ళుగా ఎందరో ఆచార్యులు ఈ తొలిమెట్టు మీదనే విద్యార్థులు జారిపడుతున్నారని చెబుతూ వస్తున్నారు. కారణం సులభం. రోగి మాట ఒక భాషలో ఉంటుంది, వెతికే మాట మరొక భాషలో ఉంటుంది. ఆ గ్రంథాలయం వెతుకులాట కోసం 1960లోనే వైద్య విషయశీర్షికల పట్టికను ఒకదానిని తయారుచేసి, ఏటా సవరిస్తూ వస్తోంది. ‘ఆయాసం’ అంటే పట్టికలో ‘డిస్ప్నియా’. ఇది తేలిక. అన్నీ ఇంత తేలికగా ఉండవు.

ఒక పెద్దావిడ వచ్చి “కళ్ళు తిరుగుతున్నాయి నాయనా” అన్నదనుకోండి. విద్యార్థి ఏమని వెతకాలి? పట్టికలో ‘డిజినెస్’ ఒక శీర్షిక, ‘వర్టిగో’ మరొకటి, ‘సింకపీ’ ఇంకొకటి. ఒక్కొక్కటి ఒక్కొక్క జబ్బుల కుటుంబానికి దారి తీస్తుంది. ఒకటి చెవి లోపలి సమతౌల్య యంత్రాంగానికి, ఒకటి గుండెకు, రక్తపోటుకు. 1972లో డ్రాక్‌మన్, హార్ట్ అనే ఇద్దరు ఈ చిక్కును విప్పటానికి రోగుల మాటలను నాలుగు తెగలుగా విడదీశారు: పరిసరాలు గిర్రున తిరిగినట్లు ఉండటం, స్పృహ తప్పబోతున్నట్లు ఉండటం, నిలకడ తప్పటం, వీటిలో దేనికీ చెందని తేలికతనం. దశాబ్దాల తరబడి వైద్యవిద్యార్థులు నేర్చుకున్న వర్గీకరణ ఇది.

ఇప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాటలను ఒకసారి తలచుకోండి. ‘తల తిరుగుతోంది’, ‘కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి’, ‘సొమ్మసిల్లిపోయాను’, ‘నడుస్తుంటే తూలుతున్నాను’. నాలుగూ నాలుగు అనుభవాలు. బైర్లు కమ్మటం అంటే చూపు చీకటి కావటం, పడిపోవటానికి ముందు దశ. సొమ్మసిల్లటం అంటే పడిపోవటమే. తూలటంలో తల బాగానే ఉంటుంది, కాళ్ళు మాట వినవు. 1972లో శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిన తేడాలలో చాలావాటికి మన అమ్మమ్మలు ఏనాడో విడివిడి మాటలు వాడుకున్నారు. ఐతే ‘కళ్ళు తిరగటం’ అన్న మాట ఈ అన్నింటి మీదా పరచుకున్న దుప్పటి వంటిది. దానిని తొలగించి చూడాలంటే అడిగేవాడికి లోపలి మాటలన్నీ తెలిసి ఉండాలి. “చుట్టూ ఉన్న గోడలు తిరిగినట్లుందా అమ్మా, లేక కళ్ళు బైర్లు కమ్మాయా?” అని అడగగలిగిన విద్యార్థికి వెతకవలసిన మాట దానంతట అదే దొరుకుతుంది. అడగలేనివాడు ‘డిజినెస్’ అని కొట్టి, వచ్చిన వేల వ్యాసాల ముందు బిక్కమొగం వేస్తాడు.

2007 నుంచి కొందరు పరిశోధకులు ఈ నాలుగు తెగల పద్ధతి మీద అనుమానం లేవనెత్తారని కూడా చెప్పాలి. రోగులు ఒకే బాధను పూటకొక మాటతో చెబుతుంటారనీ, ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటోంది, ఏమి చేస్తే వస్తోంది అని అడగటమే మేలనీ వారి వాదం. వాదం సమంజసమే. అప్పుడు కూడా పడక మీద ఇటునుంచి అటు ఒత్తిగిలినప్పుడు వస్తోందా, కూర్చున్నది లేచినప్పుడు వస్తోందా అని రోగికి తెలిసే మాటల్లో అడగవలసినదే కదా!

ఇంకొక మాట చూడండి. ‘వేడి చేసింది’. దీనికి ఆ పట్టికలో సరిజోడు శీర్షిక లేదు. నోటిపూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, వట్టి నీరసం కావచ్చు. తెలుగు తెలియని వైద్యుడు దీనిని జ్వరం అనుకుంటాడు. తెలిసినవాడు “ఎక్కడ?” అని అడుగుతాడు.

ఇక జ్ఞాపకం సంగతి. ఇది వేరే శాఖ, క్లుప్తంగా చెబుతాను. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల జతలను తానే వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో తన మీదనే కొలిచి 1885లో ప్రకటించాడు. మరపు రాబోయే ముందు మళ్ళీ చదివితే ఎక్కువకాలం నిలుస్తుందన్న సూత్రం ఆ బాటలోనే రూపుదిద్దుకుంది. 1987లో పోలండ్ విద్యార్థి పియోటర్ వోజ్నియాక్ దానిని కంప్యూటరులోకి ఎక్కించాడు; అతని అవసరాలలో ఒకటి ఇంగ్లీషు పదాలు గుర్తుంచుకోవటం. 2006లో డేమియన్ ఎల్మ్స్ ‘ఆంకి’ అనే సాధనాన్ని వెలువరించాడు. జపానుభాష నేర్చుకోవటం కోసం చేసుకున్నది అది. ఆ పేరే జపానుభాషలో కంఠస్థం అన్న అర్థం గల మాట. నేడు లోకమంతటా వైద్యవిద్యార్థులు నరాల పేర్లు, మందుల పేర్లు గుర్తుంచుకోవటానికి విరివిగా వాడుతున్నది భాషాభ్యాసం కోసం పుట్టిన ఈ పనిముట్టునే. ఎక్కాలు, పద్యాలు అప్పగించుకున్న మనకు ఇందులో వింత తోచకపోవచ్చు. ఐతే ఇది పేర్లను గుర్తుంచుతుంది. ప్రశ్న పుట్టించే పని దీనిది కాదు. పిల్లవాడు రోజూ రెండువందల చీటీలు తిప్పుతున్నాడని సంబరపడే తల్లిదండ్రులు ఈ తేడా గమనించాలి.

మన దేశానికి వద్దాం. ఇక్కడి వైద్యవిద్యలో స్వయంశిక్షణకు పాఠ్యప్రణాళికలో అధికారికంగా గంటలు కేటాయించినది 2019లో అమలులోకి వచ్చిన సామర్థ్యాధారిత ప్రణాళిక. ఆనాటి పట్టికలో శరీరనిర్మాణశాస్త్రానికి 40, శరీరధర్మశాస్త్రానికి 25, జీవరసాయనశాస్త్రానికి 20 గంటలు ఈ పేరుతో కనిపిస్తాయి. ఆ జట్టు మొదటి సంవత్సరం ముగియకముందే 2020 మార్చిలో కరోనా దిగ్బంధం వచ్చిపడింది. కళాశాలలు మూతబడ్డాయి, శవచ్ఛేదనశాల, రోగి పడక రెండూ దూరమై పాఠం మొత్తం తెర మీదికి చేరింది. పట్టికలోని కొద్ది గంటలు చూస్తుండగానే రోజంతా అయ్యాయి. తెర మీద పాఠం చెప్పే గొంతుకు కొదవ లేకపోయింది. తిరిగి ప్రశ్నించే గొంతే కరవైంది.

ఆ ప్రణాళికలోనే మన తల్లిదండ్రులు చాలామంది గమనించని అంశం మరొకటి ఉంది. తొలినాళ్ళ పునాది పాఠ్యక్రమంలో భాషకు, కంప్యూటరు నైపుణ్యానికి కలిపి 40 గంటలు కేటాయించారు. అందులో స్థానికభాష చేరి ఉంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన విద్యార్థి అక్కడి రోగులతో మాట్లాడగలగాలన్నది దాని ఉద్దేశం. నలభై గంటల్లో ఒక భాష వస్తుందా అని మీరు నవ్వవచ్చు. ఉపాధ్యాయులుగా నవ్వే హక్కు మనకుంది. కానీ వైద్యవిద్యను నడిపేవారే రోగి భాష రాకుండా వైద్యం రాదని ఒప్పుకున్నారన్నది విశేషం.

ఇందుకు ఎదురుగా మరొక వాస్తవం. వైద్యకళాశాలల ప్రవేశపరీక్ష నీట్‌ను 2017లో తెలుగుతో సహా 10 భాషల్లో పెట్టారు. 2021 నాటికి భాషలు 13 అయ్యాయి. ఐతే పరీక్ష సమాచారపత్రంలోని భాషల పట్టికలో తెలుగు ఎదుట ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలు మాత్రమే. హోసూరు పిల్లకు గానీ బరంపురం పిల్లవాడికి గానీ తమ ఊళ్ళో కూర్చుని తెలుగు ప్రశ్నపత్రం ఎంచుకునే వీలు లేదు. పుదుచ్చేరి ఎదుట ఉన్నది తమిళం. యానాం వారు ఈ సంగతి గమనించే ఉంటారు. ఇది అన్యాయమే, దీని మీద విన్నపాలు చేయవలసిందే. కానీ ప్రవేశపరీక్షలో పనికిరాని భాష ఇక ఎక్కడా పనికిరాదని కొందరు తీర్మానించుకుంటున్నారు. ఆ తీర్మానంతో నేను ఏకీభవించలేను. పరీక్ష మూడు గంటలు. రోగులతో మాట్లాడవలసినది నలభై ఏళ్ళు.

బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రికి, బళ్ళారిలోని వైద్యకళాశాలకు, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చే రోగులలో తెలుగువారు ఎందరో. అక్కడ చదివే తెలుగింటి విద్యార్థికి రెండు భాషల రోగులూ తనవారే. కన్నడంలో ‘తలె సుత్తు’, తమిళంలో ‘తలై సుట్రల్’, ఒడియాలో ‘ముండ బులాయిబా’ అన్నా అన్నీ తల తిరగటమే. మరి బైర్లు కమ్మటాన్ని ఆ భాషల్లో ఏమంటారు? ఈ ప్రశ్న మీ తరగతి పిల్లలకు ఇచ్చి చూడండి. శరీరభాగాల పేర్లతో మొదలుపెట్టవచ్చు. మన మూత్రపిండం కన్నడంలో, మరాఠీలో కూడా అదే మాట. తమిళంలో ‘సిరునీరగం’, ఒడియాలో ‘బృక్క’. ఎనిమిదో తరగతి జీవశాస్త్రం చదువుతున్న పిల్లవాడు ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీసి తెలుగు మాట, రాష్ట్రభాష మాట, ఇంగ్లీషు మాట రాసుకుంటే చాలు.

నాలుగో గడి కూడా గీయించండి. అందులో అమ్మమ్మ, తాతయ్య, పక్కింటి పెద్దలు తమ బాధను చెప్పుకున్న వాక్యం ఉన్నదున్నట్లు రాయాలి. దాని కింద ఆ పిల్లవాడు వారిని తిరిగి అడిగిన ప్రశ్న రాయాలి. మొదటి నెలలో ఆ ప్రశ్నల వరుసలు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. కంగారు పడి మీరు నింపకండి. “అమ్మమ్మ కాళ్ళు లాగుతున్నాయంది సరే, పగలా, రాత్రా? నడిచినప్పుడా, పడుకున్నాకా? తిమ్మిరి కూడా ఉందా?” అని మీరొకసారి అడగండి. మరునాడు ఇంటి నుంచి జవాబులు తెచ్చేది వారే.